కోరింగ మడ అడవిలో మోటారు బోట్లు ఉండాలా, ఆపేయాలా?

నిజాంపేట నాన్న
సంక్రాంతికి అత్తారింటికి కాకినాడ వెళ్ళినప్పుడు ఈసారి పట్టుబట్టి పిల్లల్ని కోరింగ అభయారణ్యానికి తీసుకెళ్ళాను. యానాం రోడ్డులో ఇరవై కిలోమీటర్లుంటుందేమో. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఒక్కసారీ చూడలేదు.

చెట్ల మధ్య కట్టిన చెక్క దారి మీద నడిచినంతసేపూ ప్రాణం హాయిగా ఉంది. నీరు తీసిన బురదలోంచి మేకులు దిగ్గొట్టినట్టు పొడుచుకొచ్చిన వేర్లు, ఒక్క డెక్క మాత్రం పెద్దగా ఉన్న చిట్టి ఎర్ర పీతలు, నీళ్ళొదిలి బురద మీద గెంతే చేపలు. మా చిన్నది కమ్మీ పట్టుకుని అరగంట కదల్లేదు.

తరవాత బోటెక్కాం. ఇంజను దడదడ, డీజిలు వాసన. అది చాలదన్నట్టు ముందు బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్ళు తెచ్చుకున్న స్పీకరులో పాటలు. కొంగ కనిపించేది, మేం దగ్గరికొచ్చేసరికి లేచిపోయేది. దిగాక పిల్ల అడిగింది, "జంతువులేవి నాన్నా?" అని. మన చప్పుడు విని దాక్కున్నాయమ్మా అన్నాను.

నేనడిగేది ఒక్కటే. మోటారు బోట్లు ఆపేసి, చెక్క దారీ తెడ్డు పడవలూ ఉంచితే ఏం పోతుంది? నన్ను తిట్టినా పర్వాలేదు, కారణం చెప్పి తిట్టండి.

తాళ్ళరేవు తమ్ముడు
ఏం పోతుందా? మా ఇళ్ళల్లో కూడు పోతుందండీ. మా చినమావయ్య బోటు నడుపుతాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోటు వేటకి నిషేధం. అదే వేసవి సెలవుల టైము, జనం వస్తారు, ఆ డబ్బుల మీదే బళ్ళు తెరిచినప్పుడు పిల్లల ఫీజులు కడతాడు. మీకు అరగంట చిరాకు, ఆయనకి ఏడాది లెక్క.

స్పీకరు తెచ్చింది ఎవరండీ? మా ఊరోళ్ళా? ఆపమంటే "డబ్బులు కట్టాం కదా" అంటారు. ఆ కుర్రాళ్ళని అనలేక బోటుని అంటున్నారు.

ఇంకోటి. తెడ్డు పడవ అని ఈజీగా అనేశారు. పోటుకి ఎదురు ఎప్పుడైనా తెడ్డేశారా మీరు? గౌతమి పాయలోకి సముద్రం ఎక్కొస్తున్నప్పుడు పదిమందిని కూర్చోబెట్టుకుని ఒక్కడు లాగగలడా?

లకుముకి
నాన్నగారి బాధ అర్థమైంది, కానీ ఒక మాట. ఈ అడవికి పేరు తెచ్చింది బావురుపిల్లి. నీళ్ళ అంచున కూర్చుని చేపల్ని పట్టి తినే పిల్లి. అది రాత్రి తిరిగే జీవి, పగలు మీరు ఊపిరి బిగబట్టుకుని వెళ్ళినా కనబడదు. పదేళ్ళుగా వస్తున్నాను, నాకు దక్కింది బురదలో దాని అడుగుజాడలే. కాబట్టి "జంతువులు కనబడలేదు" అనేది బోట్ల మీద పెట్టాల్సిన నేరం కాదు. మడ అడవి జూ పార్కు కాదు.

బోట్ల మీద నా ఫిర్యాదు వేరే. చలికాలంలో ఇక్కడికి వచ్చే ఉల్లంకి పిట్టల్లాంటివి సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి వస్తాయి. పాటుకి నీరు వెనక్కి తీసి బురద బయటపడ్డ ఆ నాలుగైదు గంటలే వాటికి భోజనం వేళ. వేసవిలో అంత దూరం తిరిగి ఎగరాలంటే ఇక్కడే ఒళ్ళు చేయాలి. బోటు వచ్చిన ప్రతిసారీ లేపేస్తే, తిన్నది లేచి ఎగరడానికే సరిపోతుంది. నీటికుక్కలదీ అదే తంతు, పగలే తిరుగుతాయి, ఇంజను వినపడితే ఆ కాలవ వదిలేస్తాయి. పైగా సన్న కాలవల్లో వేగంగా పోతే ఆ అలకి గట్టు మట్టి జారి, అప్పుడే నాటుకున్న మడ మొక్కలు కొట్టుకుపోతాయి. పెద్ద పాయలో ఇదంతా అంతగా ఉండదు.

కుర్రాళ్ళ స్పీకరు గేటు దగ్గరే ఉంచుకోవచ్చు. దానికి చర్చ కూడా అక్కర్లేదు.

సింగపూర్ సీత
మాకు ఇక్కడ సుంగై బులో అని ఒక మడ అడవి ఉంది. 2002లో రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు 130 హెక్టార్లు. టికెట్టు లేదు, బోటు షికారు లేదు, చెక్క దారులూ, పక్షుల్ని చాటుగా చూసే గదులూ మాత్రమే. దారికి రెండడుగుల దూరంలో ఉడుము పడుకుని ఉంటుంది, లేవదు. పుట్టింటికి వెళ్ళినప్పుడు కోరింగ చూసి, ఇంత పెద్ద అడవి పెట్టుకుని మనం ఇలా ఎందుకు చేస్తున్నామా అనిపించింది.

తాళ్ళరేవు తమ్ముడు
సీతక్కా, మీది 130 హెక్టార్లు. మాది 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఆ మడని నమ్ముకుని బతికే ఊళ్ళు దాని చుట్టూ ఉన్నాయి. మీ దగ్గర అడవి పక్కన పీతలు పట్టుకుని బతికేవాళ్ళు ఎంతమంది?

సింగపూర్ సీత
ఆ మాట నిజమే తమ్ముడూ. ఒప్పుకుంటాను.

జగన్నాథపురం పంతులు
అందరూ బోట్ల దగ్గరే ఆగిపోయారు. రిటైరైన వాణ్ణి, తీరిక ఎక్కువ, కాస్త ఓపిక పట్టండి.

ఈ ఊరి అసలు పేరు కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడినుంచి ఓడెక్కి రంగం (రంగూను) వెళ్ళిన తెలుగు కూలీలందరినీ, ఏ ఊరివాళ్ళయినా సరే, బర్మాలో "కోరంగీలు" అనేవారు. ఆ రేవుని 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఊడ్చేసింది. రెండో దాని తరవాత కోరంగి మళ్ళీ లేవలేదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను నాకు స్వయంగా తెలుసు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళిన వాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. మడ దట్టంగా ఉన్నచోట నీటి ఉరవడి తగ్గిందని ఆ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

అంత గోడలాంటి అడవిని ఎవరు తిన్నారు? మోటారు బోట్లా? 1980లు, 90ల్లో రొయ్యల చెరువులు తిన్నాయి. మొన్న మొన్న, 2020లో, కాకినాడ అంచున మడ భూమిని ఇళ్ళ స్థలాలకని పూడిస్తే వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. బోటు షికారు చేసిన జనమే రేపు అలాంటివాటికి అడ్డుపడతారు. చూడని అడవి గురించి ఎవడికి పడుతుంది? మా నాన్నాయనే చూడండి, పన్నెండేళ్ళకి ఒకసారి వెళ్ళి ఇంత పెద్ద టపా రాశాడు.

నిజాంపేట నాన్న
మాస్టారూ, నన్ను అల్లుడి హోదాలో కొట్టారు. పడ్డాను.

కానీ చెరువులు ఎక్కువ తిన్నాయి కాబట్టి బోట్లు కొంచెం తినొచ్చు అంటే నాకు మింగుడు పడడం లేదు.

చెన్నపట్నం చిన్నోడు
మా వైపు చిదంబరం దగ్గర పిచ్చావరం ఉంది, చాలామంది వెళ్ళే ఉంటారు. అక్కడ రెండూ ఉన్నాయి. మోటారు బోటు వెడల్పు దారిలో పోతుంది. తెడ్డు పడవ సన్న కాలవల్లో దూరుతుంది, నెత్తి మీద కొమ్మలు కలిసిపోయి పందిరిలా ఉంటుంది, తల వంచుకోవాలి. జనం ఎగబడేది దానికే. తెడ్డు వేసేది ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. తెడ్డు అంటే కూడు పోవడమే అని ఎందుకనుకోవాలి?

తాళ్ళరేవు తమ్ముడు
అన్నా, పిచ్చావరం నేనూ చూశాను. లోతు తక్కువ, గెడ వేసినా నేల తగులుతుంది. మా దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరకెళ్తే నీళ్ళు మనిషిని లాక్కుపోతాయి. అక్కడ ఇంజను లేని పడవలో టూరిస్టుల్ని ఎక్కించుకోమంటే మావయ్య దండం పెట్టేస్తాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగిన సంగతి గోదారోళ్ళం ఎవరం మర్చిపోలేదు.

సన్న కాలవల్లో అయితే తెడ్డు వేయొచ్చు, కాదనను. కానీ పదిమంది చేసే పని ఇద్దరిద్దరిగా చేయాలి. మనిషికి ఎంత ఇస్తారు? ఇప్పుడిచ్చే దానికి గీచి గీచి బేరమాడేవాళ్ళే, నిశ్శబ్దానికి రెట్టింపు ఇస్తారా?

లకుముకి
నేనిస్తాను. నాలాంటి వాళ్ళు ఇస్తారు. అందరూ ఇవ్వరు, అదీ తెలుసు.

ఇంకో దారి ఉంది. కేరళలో వైక్కం దగ్గర 2017 జనవరి నుంచి సౌరవిద్యుత్తు మీద నడిచే బోటు ఉంది, ఒకేసారి 75 మందిని సరస్సు దాటిస్తుంది. ఇంజను చప్పుడూ లేదు, నీళ్ళమీద నూనె తెట్టూ లేదు. పోటుకి ఎదురు పోవడానికి మనిషి రెక్కలు అరగదీసుకోనక్కర్లేదు. ఇక్కడ అంత పెద్దది అక్కర్లేదు, పాతికమందిది చాలు.

తాళ్ళరేవు తమ్ముడు
కొనేది ఎవరు మేడమ్?

జగన్నాథపురం పంతులు
సరైన ప్రశ్న. మావయ్యని కొనమంటే అది పరోక్షంగా బోటు ఆపేయడమే. పడవ ప్రభుత్వం కొనాలి, నడిపే పని ఊరివాళ్ళకే ఉండాలి. ఇలాంటిది ఇక్కడ జరగనిదేమీ కాదు. చచ్చిపోయిన మడని ఈ గోదావరి మొగల్లోనే మళ్ళీ ఎలా లేపారో తెలుసా? 90ల చివర్లో అటవీశాఖా, స్వామినాథన్ పరిశోధన సంస్థా కలిసి ఊళ్ళవాళ్ళ చేతనే చేప వెన్నుముల్లు ఆకారంలో కాలవలు తవ్వించారు. మధ్యలో ఒక పెద్ద కాలవ, అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలవలు. నీరు ఆగిపోయి ఉప్పు పేరుకున్న నేలలోకి పోటు వచ్చి పాటుకి తీసేయడం మొదలయ్యాక మొక్క నిలిచింది. పోటు ఎలా వస్తుందో తెలిసినవాళ్ళు తవ్వారు కాబట్టే నిలిచింది.

కొత్తపేట కిట్టు
ఇదంతా సరే, అక్కడ మరుగుదొడ్లు బాగున్నాయా? ఆడవాళ్ళతో వెళ్తున్నాం. అలాగే ఇది దేశంలో రెండో అతిపెద్ద మడ అడవి అంటారు, నిజమేనా?

సింగపూర్ సీత
ఒడిశా భితర్‌కనికవాళ్ళు కూడా అదే అంటారు. రెండో స్థానానికి ఇద్దరున్నారు, మూడో స్థానానికి ఎవరూ లేరు.

చెన్నపట్నం చిన్నోడు
హహ. కిట్టూ, ఇంకో జాగ్రత్త. దారి పక్కన కొమ్మలు విరిచి ఆడకండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే కళ్ళు మండి చూపు దెబ్బతింటుంది. పిల్లలకి చూపించాలంటే ఉప్పుపొన్న చూపించండి. కాయ చెట్టుమీద ఉండగానే గింజ మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది.

నిజాంపేట నాన్న
రెండు రోజులుగా చదువుతున్నాను. నా మాట కొంత మార్చుకుంటున్నాను. "ఆపేయాలి" అన్నది తొందరపాటు. పెద్ద పాయలో మోటారు ఉండనీండి, సన్న కాలవల్లోకి మాత్రం ఇంజను రాకూడదు, అక్కడ తెడ్డు. దానికి టికెట్టు ఎక్కువైనా కడతాను. వలస పక్షులున్న నెలల్లో బురద మేటల దగ్గరికి ఏ బోటూ వద్దు. తమ్ముడూ, దీనికైనా ఒప్పుకుంటావా?

తాళ్ళరేవు తమ్ముడు
సన్న కాలవల వరకు సరే. బురద మేటల సంగతి నేను ఒప్పుకోను. చలికాలమే కదండీ మీరంతా వచ్చేది? ఆ నాలుగు నెలలూ మొగ వైపు వెళ్ళొద్దంటే మిగిలేదేంటి? దూరంగా ఇంజను తగ్గించుకుని పొమ్మనండి, పోతాం.

లకుముకి
ఎంత దూరంగా అనేదే అసలు గొడవ. పక్షి లేస్తే దగ్గరైనట్టే. నేను ఇక్కడ దిగిరాను.

తాళ్ళరేవు తమ్ముడు
మీరు దిగకండి, మేమూ ఎక్కం. ఒకసారి వచ్చి మావయ్యతో మాట్లాడండి, ఏ మేట మీద ఏ పిట్ట ఏ నెల వాలుతుందో మీకంటే ఆయనకే తెలుసు.

నాన్నగారూ, మీకొక సంగతి చెప్పాలి. మళ్ళీ వస్తే సెలవు చూసుకుని కాదు, పంచాంగం చూసుకుని రండి. అమావాస్యకీ పౌర్ణమికీ మా వైపు పొద్దున్న ఎనిమిది, తొమ్మిదింటికి నిండు పోటు. బురద మునిగిపోయి ఉంటుంది, పీతా కనపడదు, పిట్టా కనపడదు. రోజుకి రెండు గడియల చొప్పున, అంటే ముప్పావుగంట పైన, పోటు వెనక్కి జరుగుతుంది. అంచేత అష్టమి, నవమి నాటికి ఆ వేళకే నీరు తీసి ఉంటుంది. పైగా ఆ తిథుల్లో పోటు మెత్తన, తెడ్డుకి సుళువు.

నిజాంపేట నాన్న
క్యాలెండరు తీశాను. మాఘ బహుళ అష్టమి. పిల్లకి బడి మానిపించాలి, మా ఆవిడ ఊరుకోదు. అయినా వస్తాను.

తాళ్ళరేవు తమ్ముడు
రండి. అభయారణ్యంలో కాదు గానీ మా ఊరి కాలవలో మావయ్య చిన్న నావ ఉంది. తెడ్డు మాత్రం మీరే వెయ్యాలి.