సమస్య: గోలు కొట్టువాడె కొంప ముంచె

నిర్వాహకుడు (నల్లగొండ):
మన హాకీ జట్టులో ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి అని నిన్న రాత్రి మా పెదనాన్న కొడుకు, నేను పన్నెండు దాకా వాదించుకున్నాం. లేచి పోతూ వాడన్న మాట చెవిలోనే ఉండిపోయింది. పొద్దున చాయ్ తాగుతూ లెక్క చూస్తే పద్యానికి కావలసిన గణాలు (అక్షరాల కొలత), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం) వాటంతటవే కుదిరి ఉన్నాయి. ఆఖరి పాదంగా ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించండి:

గోలు కొట్టువాడె కొంప ముంచె

హాకీ మీదే రాయాలని పట్టు లేదు. కానీ పడిపోయిన జట్టును నిలబెట్టే మాట ఎవరైనా చెబితే నాకు మరింత సంతోషం.

దేవరకొండ సారు:

ఒకడు కొట్టు నంచు నూరకే నిలిచిరి
పదుగురాటగాళ్లు బంతి వదలి
వాని చేయి నొవ్వ వమ్మయ్యె నాటంత
గోలు కొట్టువాడె కొంప ముంచె

పెనాల్టీ కార్నర్ (అవతలివాళ్లు గోలు దగ్గర తప్పు చేస్తే దొరికే అవకాశం) వస్తే తప్ప గోలు రాని జట్టు గురించి. పారిస్ ఒలింపిక్స్‌లో మనం వేసిన 15 గోల్స్‌లో 10 అప్పటి కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌వే. ఆ చేతికి ఒక్కరోజు నొప్పి వస్తే మన గతేమిటి?

గద్వాల అక్కయ్య:
మూడో పాదం చదువుతుంటే గుండె గుబేలుమంది సారూ, అంత బాగా పడింది. రెండో పాదం మాత్రం ఒప్పుకోను. అదే పారిస్‌లో క్వార్టర్ ఫైనల్లో మన డిఫెండర్ రోహిదాస్ రెడ్ కార్డు పడి బయటికి పోయాక 40 నిమిషాలకు పైగా పది మందే ఆడారు. బ్రిటన్‌ను 1-1 దగ్గర ఆపి షూటౌట్‌లో గెలిచారు. ఆ పది మందిని పట్టుకుని "బంతి వదలి ఊరకే నిలిచిరి" అని ఎట్లా అంటారు?

దేవరకొండ సారు:
పదుగురు అంటే తలలు లెక్కపెట్టడం కాదమ్మా, నలుగురూ అన్నట్టే. పోయిన నెల "నీరు లేని చెరువు నిండిపోయె" అన్న సమస్యకు నేను రాసినప్పుడూ మీరు ఇట్లాగే ఒక్క మాట పట్టుకుని వదల్లేదు.

గద్వాల అక్కయ్య:
అప్పుడు పట్టుకున్నది మాటను కాదు, యతిని. తకారానికి టకారంతో యతి వేశారు. ఇప్పటికీ దిద్దలేదు.

నిర్వాహకుడు:
అక్కయ్య చెప్పింది నిజమే. అయినా యతి తప్పిన ఆ పద్యమే నాకు ఇష్టం. ఎండిన చెరువు హాకీ ఆడే పిల్లలతో నిండిపోయిందన్నారు సారు. మేమూ అట్లాగే ఆడాం. కింద వంపు ఉన్న తుమ్మకొమ్మ చూసి నరుక్కొచ్చి, బెరడు చెక్కి, పట్టుకునే చోట పాత సైకిల్ ట్యూబు చుట్టేవాళ్లం. నెర్రెలో బంతి ఇరుక్కుంటే ఆట ఆపి అందరం వంగి పుల్లలతో తీసేవాళ్లం. సికింద్రాబాద్ నుంచి ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడని విన్నప్పుడు, మా చెరువు నుంచీ ఒకడు పోతాడని గట్టిగా నమ్మాం.

మిర్యాలగూడ అన్న:
నేను కొంచెం పక్కదారి పట్టాను.

కర్ర కొనగ బోతి గట్టిదే యని నమ్మి
మొదటి దెబ్బ కదియె ముక్కలయ్యె
నవ్వి పంపె డబ్బు నాకివ్వకుండ నొం
గోలు కొట్టువాడె కొంప ముంచె

నిర్వాహకుడు:
అన్నా! ఆ "నొం" దగ్గర విరిచి కింది పాదానికి ఎక్కించిన తీరు చూసి ఇంట్లోవాళ్లను పిలిచి మరీ చదివి వినిపించాను. గోలు కొట్టువాడు కాస్తా ఒంగోలు కొట్టువాడు అయ్యాడు.

దేవరకొండ సారు:
విరుపు అద్భుతం, ఒప్పుకుంటున్నాను. కానీ జట్టు మాట అడిగితే అంగడి మాట చెప్పి దాటేశావు తమ్మీ. నీ పద్యానికి హాకీ చాలా దూరం.

అచ్చంపేట తమ్ముడు:
పెద్దల ముందు భయంగానే పెడుతున్నాను. ఒలింపిక్స్‌కు 16 మందినే పంపాలి. ఆ 16లో అందరూ ముందుకు ఉరికేవాళ్లయితే ఏమవుతుందో చెప్పాలనుకున్నాను.

ముందు వరుస కొరకు మురిసి యెంచితిరయ్య
వెనుక గాయువాని విడిచిపెట్టి
ఆడి నాలుగు వేసి యైదు తింటిమి కదా
గోలు కొట్టువాడె కొంప ముంచె

గద్వాల అక్కయ్య:
ఆలోచన బంగారం తమ్ముడూ. మూడో పాదంలో "నాలుగు" అంటే ఒక మాత్ర ఎక్కువై భగణం అయిపోయింది, మూడు మాత్రల సూర్యగణం చోట కూర్చోదు. "నాల్గు" అను, సరిపోతుంది. యతికి ఢోకా లేదు, ఆకారానికి ఐకారం చక్కగా పడింది.

దేవరకొండ సారు:
టోక్యోలో జర్మనీ మీద 5-4తో గెలిచిన కాంస్యం గుర్తుందా? ఆట అయిపోవడానికి సెకన్లు మిగిలి ఉండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ దొరికింది. మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపాడు. వేసిన ఐదు గోల్సూ ఆ ఒక్క ఆపడం మీద నిలబడ్డాయి. కుర్రవాడు దాన్నే పట్టుకున్నాడు. "నాలుగు" తప్పును నేను క్షమించేస్తున్నాను.

అచ్చంపేట తమ్ముడు:
"నాల్గు" అని మార్చాను అక్కా. చాలా థ్యాంక్స్ సారూ.

గద్వాల అక్కయ్య:
ఇక నాది. ఇది నేననే మాట కాదు, ఓడినప్పుడల్లా పైవాళ్లు అనే మాట.

ఓడగానె తీసి యొక్కసారందరిన్
పేరు పెట్టి తిట్టి పెద్ద దొరలు
తప్పు తమది కాదు తప్పుకొమ్మనిరిట్లు
"గోలు కొట్టువాడె కొంప ముంచె"

2008లో బీజింగ్‌కు మన జట్టు అర్హతే పొందలేదు. 2012 లండన్‌లో పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. అప్పుడు అందరినీ ఊడ్చేయమన్నవాళ్లే ఎక్కువ. ఊడ్చేసి ఉంటే శ్రీజేష్, మన్‌ప్రీత్ కూడా పోయేవాళ్లు. ఇద్దరూ ఆ లండన్ జట్టులో ఉన్నవాళ్లే. తొమ్మిదేళ్ల తర్వాత కాంస్యం మెడలో వేసుకున్నదీ వాళ్లే. పన్నెండో స్థానం ఎట్లా ఉంటుందో తెలిసినవాడు పక్కన ఉంటే కొత్త పిల్లకు ధైర్యం వస్తుంది.

నా బాధంతా ఆడపిల్లల జట్టు గురించి. టోక్యోలో నాలుగో స్థానం తెచ్చారు. 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్‌కు పోలేకపోయారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. వెంటనే మళ్లీ అదే మాట, అందరినీ తీసేయండి అని. కొత్తవాళ్లు రావాలి, తప్పకుండా రావాలి. కానీ ఇద్దరిని తెస్తే ఒక పెద్దను ఉంచాలి. నాటు వేసేటప్పుడు మా అమ్మ కొత్త కూలీ పిల్లను పాత ఆమె పక్కన నిలబెట్టేది, వరుస వంకర పోకుండా.

నిర్వాహకుడు:
సమస్యను పైవాళ్ల నోట్లో పెట్టారు. నేను కోరుకున్న మాట ఇదే.

దేవరకొండ సారు:
భావానికి నమస్కారం. అయితే "అందరిన్" తర్వాత సరళాదేశం రావాలి కదా, నకారం తర్వాతి పకారం బకారమై "బేరు పెట్టి" అని?

గద్వాల అక్కయ్య:
పాదం చివర ఆగుతాం కనుక అట్లాగే ఉంచాను సారూ. మీరు పట్టుబడితే మారుస్తాను, యతి ఎట్లాగూ చెడదు.

దేవరకొండ సారు:
వద్దు, ఉంచండి. "బేరు" అంటే చెవికి బాగోదు. నా రెండో పాదమే మార్చాను: "పక్క నాటగాళ్లు బంతి వదలి". బ్రిటన్ మీద నిలబడ్డ ఆ పది మందినీ పద్యంలోంచి తీసేశాను. చెరువు పద్యం యతి ఈ ఆదివారం కూర్చుని దిద్దుతాను.