అప్‌డేట్: బెవాసిజుమాబ్ ఆపాక సర్జరీకి ఎన్నాళ్లు ఆగాలి, ఎందుకు?

క్యాన్సర్‌కి ఇచ్చే బెవాసిజుమాబ్‌ని ఆపరేషన్‌కి అంత ముందే ఎందుకు ఆపాలని అడిగాను కదా. జవాబులు, మందు లేబుల్ కలిపి చూస్తే తేలింది ఇది.

క్యాన్సర్ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి రక్తనాళాలు కావాలి. ఆక్సిజన్ అందని కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ని వదులుతాయి, పక్కనున్న నాళాలు అటువైపు మొలకలు వేస్తాయి. కోసిన గాయం మానేటప్పుడూ ఇదే ప్రోటీన్, ఇదే తంతు. కాకపోతే గాయంలో పనయ్యాక అదనపు నాళాలు వాటంతటవే తగ్గిపోతాయి. గడ్డలో వీఈజీఎఫ్ పిలుపు ఆగదు, అందుకే అక్కడి నాళాలు వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. బెవాసిజుమాబ్‌కి ఈ తేడా పట్టదు. వీఈజీఎఫ్ ఎక్కడ దొరికితే అక్కడ పట్టేసి పనిచేయనివ్వదు, అందుకే గాయం మానడమూ దెబ్బతింటుంది.

ముందే అనుకున్న సర్జరీకైతే కనీసం 28 రోజుల ముందు ఆపాలి. పెద్ద సర్జరీ తర్వాత కూడా 28 రోజులు ఆగాలి, అప్పటికీ గాయం సరిగ్గా మానకపోతే మొదలుపెట్టకూడదు. దీని హాఫ్ లైఫ్ (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) దాదాపు 20 రోజులు. అంటే 28వ రోజుకి కూడా మూడో వంతుకి పైగా మందు ఒంట్లోనే ఉంటుంది! కుట్లు విడిపోవడం, పేగు అతుకు దగ్గర లీక్, రక్తస్రావం, భయమంతా వీటి గురించే.

వీఈజీఎఫ్ సంకేతాన్నే అడ్డుకునే మరో క్యాన్సర్ మందు సునిటినిబ్ మాత్రల లెక్క వేరు: ముందు కనీసం 3 వారాలు, పెద్ద సర్జరీ తర్వాత కనీసం 2 వారాలు. ఏ మందైనా ఆఖరి డోసు తేదీ సర్జన్‌కి రాసిచ్చేయండి, నోటిమాటగా వదలొద్దు.