సముద్రతీరంలో ఇల్లు: పూత వేసిన ఊచలు కొనాలా, వద్దా?

భీమిలి_స్థలం: భీమిలిలో సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఇల్లు మొదలుపెడుతున్నాము. ఎపాక్సీ (గట్టిపడే ఒక రకం రెసిన్) పూత వేసిన ఇనుప ఊచలైతే తుప్పు పట్టదని దుకాణదారు అంటున్నారు, దండగ ఖర్చని మేస్త్రి అంటున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

కొలతబద్ద: ఈ విషయంలో మీ మేస్త్రి మాటే వినండి. సిమెంటు క్షారగుణం వల్ల ఊచ చుట్టూ కంటికి కనబడని రక్షణపొర ఏర్పడుతుంది. గాలిలోని ఉప్పు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా దిగి ఊచను చేరితే ఆ పొర తెగుతుంది. అందుకే కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 తీరప్రాంతాన్ని 'తీవ్ర' వర్గంలో చేర్చి, 45 మిల్లీమీటర్ల కవరు (ఊచ మీద ఉండే కాంక్రీటు మందం), కనీసం ఎం30 బలం గల కాంక్రీటు, 0.45 మించని నీరు-సిమెంటు నిష్పత్తి ఉండాలన్నది. ఇవి పాటిస్తే పూత అక్కరలేదు.

ఉప్పుగాలి: ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి. విశాఖలో మా ఇంటి బాల్కనీ కింది పెచ్చులు పదకొండేళ్లకే ఊడిపడ్డాయి. పూత ఊచలు వాడి ఉంటే ఈ గతి పట్టేది కాదు.

కొలతబద్ద: ఊడినచోట కవరు ఎంత ఉందో కొలిచారా? పూతను అంతగా నమ్మేవారు అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల వంతెనల సంగతి తెలుసుకోవాలి. అక్కడ పూత ఊచలతోనే కట్టిన లాంగ్ కీ వంతెన స్తంభాలలో, కట్టి పదేళ్లు నిండకముందే, 1986లో తుప్పు బయటపడింది. పూత మీద గీత పడితే ఉప్పు ఆ గీత దగ్గరే ఊచను తినేస్తుంది.

ఉప్పుగాలి: అవి అలల జల్లు నేరుగా తగిలే స్తంభాలు. ఈయన కట్టేది ఇల్లు. పోలిక సరికాదు.

కొలతబద్ద: గీత గురించి నేనన్నదానికి మీరు జవాబివ్వలేదు.

రాడ్_బెండర్: పూత ఊచను వంచే యంత్రానికి ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, కట్టుతీగకూ పూత ఉండాలి, అతుకు పొడవు పెంచాలి. మా చుట్టుపక్కల ఇవేవీ ఎవరూ పాటించరు.

తీరం_మనిషి: బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఆర్‌సీసీ (ఊచలుండే కాంక్రీటు) కలపడానికి లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు మించరాదు.

కొలతబద్ద: ఉప్పుగాలి గారూ, మళ్లీ అడుగుతున్నాను, మీ బాల్కనీలో కవరు ఎంత?

ఉప్పుగాలి: ఎనిమిది మిల్లీమీటర్లు. తృప్తి కలిగిందా? నేను మస్కట్‌లో ఉద్యోగం చేస్తూ కట్టించిన ఇల్లది. ఊచలను ఎత్తిపట్టే కవరు బ్లాకుల బదులు కంకర రాళ్లు పెట్టారు, కూలీలు తొక్కితే అవి పక్కకు జారిపోయాయి, ఊచలు సెంట్రింగు రేకును ఆనుకున్నాయి. ప్రతి స్లాబుకూ నేను విమానమెక్కి రాగలనా? మా నాన్నగారు కుర్చీ వేసుకుని ఎండలో కూర్చున్నా, ఆయన కళ్ల ముందే ఇది జరిగింది. మీ ఐఎస్ 456 ఆ రోజు ఎక్కడుంది? కవరును నేను డబ్బిచ్చి కొనలేను, పూతను కొనగలను. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే.

కొలతబద్ద: మొదటినుంచీ చెబుతున్నది అది కాదు, ఇప్పుడే చెప్పారు. మీ నాన్నగారి విషయం చదివి నిజంగా బాధ కలిగింది. అయినా ఆ పూత ఊచలను లారీలోంచి కింద పడేసేదీ, వంచేదీ, తొక్కేదీ అదే మనుషులు కదా? వారిని నమ్మలేనప్పుడు పూత ఎలా నిలుస్తుంది?

ఉప్పుగాలి: నాలుగు గీతలు పడిన పూత, ఎనిమిది మిల్లీమీటర్ల కవరు కన్నా మేలే.

కొలతబద్ద: ఒప్పుకోను. నాలుగు గీతలున్న ఊచ లోపల ఏమవుతుందో పైకి తెలియదు.

భీమిలి_స్థలం: ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం మేస్త్రి దగ్గరున్న కవరు బ్లాకులను స్కేలు పెట్టి కొలిచాను. అన్నీ 20 మిల్లీమీటర్లవే, పునాదికి కూడా అవే పెడతానన్నారు. పునాదికి 50, మిగతావాటికి 45 మిల్లీమీటర్ల బ్లాకులను ఎం30 మిశ్రమంతోనే పోయించి, అవి గట్టిపడ్డాకే ఊచలు కట్టమన్నాను. కాంక్రీటు పోసే ప్రతి రోజుకూ ఆఫీసులో సెలవు అడుగుతున్నాను. పూత సంగతి ఇంకా తేల్చుకోలేదు.