అప్‌డేట్: డయాలసిస్‌లో ఉన్న నాన్న నడుము నొప్పి
వారానికి మూడుసార్లు మిర్యాలగూడ నుంచి నల్గొండకు వెళ్లి డయాలసిస్ చేయించుకునే నాన్నకు నడుము నొప్పి, వ్యాయామం చేయించవచ్చా అని అడిగాను కదా. మీరన్నట్టే ముందు కిడ్నీ డాక్టరును కలిశాం. ఎముకలు పరీక్షించాకే ఆయన సరేనన్నారు. నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దని గట్టిగా చెప్పారు.

డయాలసిస్ లేని రోజుల్లో నాన్న చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుమును మెల్లగా నేలకు అదిమి, ఐదు లెక్కపెట్టి వదులుతారు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న ఎడమ చేతిపై బరువు మోపనివ్వను. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతుంది, ఆ రోజు విశ్రాంతే.

ఆరు వారాలైంది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ నాలుగు గంటల డయాలసిస్ తర్వాత నా భుజం పట్టుకుని లేచే మనిషి మొన్న తనంతట తానే లేచి, చెప్పులు వేసుకుని, బస్సు దాకా నడిచారు. మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.