బ్రేకు నొక్కి ఉంచితే ఇంజన్ వణకడం సహజమా, బూస్టర్ లోపమా?

అమలాపురం, పెట్రోలు కారు యజమాని:
మా ఇంట్లో ఉన్నది లక్ష కిలోమీటర్లు దాటిన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. కాలువ వంతెన దగ్గర ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఆగినప్పుడు, పెడల్ నొక్కి ఉంచినంతసేపూ ఇంజన్ స్లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు తిరిగే వేగం) తగ్గి వణుకుతుంది, కాలు తీయగానే కుదురుకుంటుంది. కాలి ఒత్తిడికి బలం చేర్చే బ్రేకు బూస్టర్‌లోని గాలి వెళ్ళేది ఇంజన్‌లోకే కాబట్టి ఇది మామూలేనని, స్లో కాస్త పెంచితే చాలని ఒక షెడ్డులో చెప్పారు. మరొక షెడ్డులో బూస్టర్ మార్చి తీరాలన్నారు. కారణాలతో సహా వివరించగలవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రావులపాలెం, షెడ్డు నడిపేవారు:
మొదటి షెడ్డువారు చెప్పినదే సరైనదని నా అభిప్రాయం. బూస్టర్‌కు సొంత బలం లేదు, ఇంజన్ పీల్చే గాలి మార్గం నుంచే దానికి వాక్యూమ్ (బయటి కంటే తక్కువ గాలి ఒత్తిడి) వస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఇంజన్ మీద ఆ మేరకు ప్రభావం పడక తప్పదు. చిన్న ఇంజన్, పైన ఏసీ, మే నెల ఎండ కలిస్తే స్లో నిలకడగా ఉండాలని ఆశించడం న్యాయం కాదు. అలాంటి బండ్లకు స్లో నిమిషానికి వంద చుట్లు పెంచి పంపిస్తే వారు మళ్ళీ ఫిర్యాదుతో రాలేదు.

తణుకు, ఆటోమొబైల్ పాఠాలు చెప్పే అధ్యాపకుడు:
రావులపాలెం గారి మాటలో మొదటి సగంతో ఏకీభవిస్తాను, రెండవ సగంతో ఏకీభవించలేను. ప్రభావం పడుతుంది, కానీ అది ఎప్పుడు పడుతుంది, ఎంతసేపు ఉంటుంది అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

బూస్టర్ డబ్బా లోపల డయాఫ్రం అనే రబ్బరు పొర రెండు గదులను వేరు చేస్తుంది. కాలు పెడల్ మీద లేనప్పుడు ఆ రెండు గదుల మధ్య దారి తెరిచే ఉంటుంది కాబట్టి రెండింటిలోనూ ఒకే వాక్యూమ్ ఉంటుంది. పెడల్ నొక్కగానే ఆ దారి మూసుకొని, బయటి గాలి పెడల్ వైపున్న చిన్న వడపోత గుండా వెనుక గదిలోకి వస్తుంది. ముందు గదిలో వాక్యూమ్, వెనుక గదిలో బయటి గాలి ఒత్తిడి ఉండడం వల్ల డయాఫ్రం ముందుకు కదిలి బ్రేకు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌ను తోస్తుంది. కాలు వదిలినప్పుడు వెనుక గదిలోని గాలి ముందు గదిలోకి, అక్కడి నుంచి గాలిని ఒకే వైపు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు దాటి, ఇంజన్ గాలి పీల్చే గొట్టమైన మేనిఫోల్డ్‌లోకి పోతుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న బూస్టర్ నుంచి ఇంజన్‌కు గాలి చేరేది ప్రధానంగా కాలు తీసిన క్షణంలో. అప్పుడు స్లో ఒక్కసారి కదిలి వెంటనే సర్దుకుంటే అది సహజమే. పెడల్‌ను ఒకే స్థానంలో నొక్కి ఉంచినప్పుడు మాత్రం లోపలి వాల్వు రెండు దారులనూ మూసేస్తుంది కాబట్టి గాలి ప్రవాహమే ఉండకూడదు.

అమలాపురం గారి బండిలో జరుగుతున్నది సరిగ్గా దీనికి విరుద్ధం. డయాఫ్రం చిరిగినా, దాని అంచు సీలు అరిగినా, కాలు తీసి ఉన్నంతసేపూ లోపం బయటపడదు, ఎందుకంటే రెండు వైపులా ఒకే వాక్యూమ్ ఉన్నప్పుడు చిరుగు గుండా గాలి కదలవలసిన అవసరమే లేదు. పెడల్ నొక్కితేనే వెనుక గదిలో గాలి నిండి, చిరుగు ద్వారా ముందు గదిలోకీ, ఇంజన్‌లోకీ ఆగకుండా పోతుంది. బూస్టర్‌ను మేనిఫోల్డ్‌తో కలిపే హోస్ పైపు పగిలినా, దాని క్లిప్పు వదులైనా వణుకు కాలితో సంబంధం లేకుండా ఎప్పుడూ ఉంటుంది. మన ప్రాంతంలో వరి కోతల తరువాత ఎలుకలు ఇళ్ళ దగ్గర ఆపిన బండ్లలో చేరి రబ్బరు పైపులు కొరకడం ఉంది కనుక దాన్ని కూడా చూడాలి. అయినా ఈ లక్షణం పైపును కాక డయాఫ్రాన్నే సూచిస్తున్నది.

భీమవరం, డీజిల్ బండి యజమాని:
మా డీజిల్ బండికి బూస్టర్ పాడై పెడల్ రాయిలా గట్టిపడినప్పుడు కూడా స్లోలో ఏ తేడా కనిపించలేదు. మరి రెండింటికీ సంబంధం ఉందని ఎలా అంటున్నారు?

తణుకు, అధ్యాపకుడు:
పెట్రోలు ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు లోపలికి వచ్చే గాలిని అదుపు చేసే త్రాటిల్ తలుపు దాదాపు మూసి ఉండడం వల్ల మేనిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది. డీజిల్‌లో గాలిని అలా అడ్డుకొని వేగాన్ని అదుపు చేయరు కాబట్టి బూస్టర్ కోసం వేరే వాక్యూమ్ పంపు పెడతారు. చాలా బండ్లలో అది బండికి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెనుకనే ఉంటుంది. అక్కడ గాలి కారినా ఇంజన్ పీల్చే గాలి, ఇంధనాల పాళ్ళు మారవు. అందుకే మీకు తేడా తెలియలేదు.

రావులపాలెం, షెడ్డు నడిపేవారు:
ఒక సందేహం అడుగుతాను. గాలి ఎక్కువైతే ఇంజన్ వేగం పెరగాలి కదా? ఇంజెక్షన్ బండ్లలో వాక్యూమ్ పైపు ఊడితే స్లో 1200 దాకా లేచిన సందర్భాలు నేను స్వయంగా చూశాను. ఇక్కడ స్లో తగ్గుతున్నదంటే కారణం గాలి కాదు. బ్రేకు లైట్ల భారం ఆల్టర్నేటర్ మీద పడుతుంది, త్రాటిల్ బాడీ మసి పట్టి ఉంటే ఆ కొద్ది భారానికే స్లో పడిపోతుంది. దాన్ని శుభ్రం చేస్తే పోయేదానికి బూస్టర్ ఖర్చు పెట్టించడం ధర్మం కాదు.

తణుకు, అధ్యాపకుడు:
ఇది బలమైన అభ్యంతరం, దీనికి వివరంగా సమాధానం చెప్పాలి. స్లో పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది ఆ ఇంజన్ గాలిని ఎలా కొలుస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. మేనిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఉన్న బండిలో, దొంగదారిన వచ్చిన గాలి కూడా ఒత్తిడి రూపంలో లెక్కకు వస్తుంది కాబట్టి కంప్యూటర్ దానికి తగిన పెట్రోలు ఇస్తుంది, వేగం పెరుగుతుంది. మీరు చూసినవి అలాంటివే కావచ్చు. గాలి ప్రవాహాన్ని వడపోత డబ్బా దగ్గరే కొలిచే సెన్సర్ ఉన్న బండిలో, దాన్ని దాటాక చేరిన గాలి లెక్కలోకి రాదు. పెట్రోలు చాలక ఇంజన్ వణుకుతుంది, స్లో పడుతుంది. పాత కార్బురేటర్ బండ్లలోనూ ఇదే జరుగుతుంది.

బ్రేకు లైట్ల విషయాన్ని ఊహకు వదలకుండా పరీక్షించవచ్చు. సాధారణ బ్రేకు బల్బు 21 వాట్లు, రెండు కలిస్తే 42. సాధారణ హెడ్‌లైట్ల బల్బులు ఒక్కొక్కటి 55 వాట్లు, రెండు కలిస్తే 110. బ్రేకు ముట్టకుండా హెడ్‌లైట్లు వేసి చూడండి; అంతకు రెట్టింపుకు మించిన భారానికి చలించని ఇంజన్ బ్రేకు లైట్లకు చలించదు. తరువాత చక్రాలకు రాళ్ళు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, బూస్టర్ హోస్‌కు గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కి పట్టించండి. అప్పుడు పెడల్ నొక్కి ఉంచినా వణుకు రాకపోతే గాలి బూస్టర్ నుంచే వస్తున్నట్లు. హోస్ మూసి ఉండగా బండిని మాత్రం కదిలించకూడదు. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, గట్టిపడ్డాక నొక్కి ఉంచి స్టార్ట్ చేసినప్పుడు పెడల్ కాస్త కిందికి దిగుతున్నదో లేదో కూడా చూడండి; బూస్టర్ బాగుంటే అది స్పష్టంగా దిగాలి.

అమలాపురం, పెట్రోలు కారు యజమాని:
మీరు చెప్పినట్లే చేయించాను. హెడ్‌లైట్లకు తేడా లేదు. హోస్ నొక్కి పట్టినప్పుడు వణుకు పూర్తిగా ఆగింది, వదలగానే తిరిగి వచ్చింది. స్టార్ట్ చేసినప్పుడు పెడల్ దిగింది కానీ చాలా కొద్దిగా. పెడల్ దగ్గర చెవి పెడితే సన్నని ఈల లాంటి శబ్దం కూడా ఉంది.

రావులపాలెం, షెడ్డు నడిపేవారు:
ఈ బండి వరకు బూస్టరే అని ఒప్పుకుంటాను. త్రాటిల్ బాడీని ముందు చూడాలన్న నా మాట మాత్రం మిగతా బండ్లకు నిలుస్తుంది. కొత్త బూస్టర్ వచ్చేదాకా స్లో పెంచి నడుపుకోవడంలో తప్పేమిటి?

తణుకు, అధ్యాపకుడు:
తప్పు ఉంది, నేను ఇంత పట్టుగా రాయడానికి కారణం కూడా అదే. స్లో పెంచితే వణుకు కనబడదు, చిరుగు అలాగే ఉంటుంది, పైగా బ్రేకు వేసినప్పుడు ఇంజన్ బండిని ముందుకు తోస్తూ ఉంటుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మన డెల్టాలో మంచి ఇంజన్ స్లోలో పాదరసమట్టం లెక్కన 430 నుంచి 530 మిల్లీమీటర్ల వాక్యూమ్ ఇస్తుంది. 23 సెంటీమీటర్ల డయాఫ్రం మీద 500 మిల్లీమీటర్ల తేడా ఉంటే బూస్టర్ ఇచ్చే తోపు లెక్కకు 280 కిలోలకు దగ్గరగా వస్తుంది. చిరుగు వల్ల ఆ తేడా 300కు పడిపోతే 170 కిలోలే మిగులుతుంది. ఆ లోటును కాలితో పూడ్చవలసింది నడిపేవారే, అదీ లారీలూ కొబ్బరి లోడు బండ్లూ ఎదురయ్యే ఇరుకు గట్టు రోడ్ల మీద. అందుకని బూస్టర్ మారేదాకా బండిని బయటికి తీయవద్దు.

కొత్తది బిగించే ముందు మాస్టర్ సిలిండర్ విప్పి దాని వెనుక భాగం తడిగా ఉందేమో చూపించండి. ఆ సీలు కారితే బ్రేకు ఆయిల్ బూస్టర్‌లోకి దిగి రబ్బరును పాడుచేస్తుంది; సీలు మార్చకుండా బూస్టర్ ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. ఆయిల్ మట్టం కారణం లేకుండా తగ్గుతూ ఉన్నదా అన్నది మీరే చెప్పగలరు.

అమలాపురం, పెట్రోలు కారు యజమాని:
సంక్రాంతి నుంచి ఆయిల్ తగ్గుతూనే ఉన్నదండి, చక్రాల దగ్గర ఎక్కడా తడి కనిపించలేదు. మాస్టర్ సిలిండర్ విప్పించి చూసిన తరువాత ఇక్కడ రాస్తాను.