తాతల నాటి మండువా ఇల్లు విప్పుతున్నాం, కలప, రాళ్ళు పాడవకుండా ఎలా తీయాలి?

ప్రశ్న:
అమలాపురం దగ్గర మా తాతగారి మండువా లోగిలి వెనక గోడ పోయిన వానలకు కూలింది, ఇక నిలబెట్టలేమని మేస్త్రీ తేల్చేశాడు. ఎనిమిది టేకు స్తంభాలు, దూలాలు, చెక్కుడు పనితో సింహద్వారం, వసారాలో కడప బండలు ఉన్నాయి. ఒకాయన మొత్తం గుత్తకు ఇమ్మంటున్నాడు, తనే కూల్చి పట్టుకుపోతాడట. ఆ స్తంభాలు పరాయి ఇంటికి పోతే చూడలేనంటోంది అమ్మ. ద్వారం మాత్రం డాలస్‌లో ఉన్న అన్నయ్య తనకు పంపమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు:
గుత్తకు మాత్రం ఇవ్వకండి. మా మేనమామ ఇల్లు అలాగే జేసీబీతో ఒక్క పూటలో పడగొట్టారు, దూలాలు సగానికి విరిగాయి, ఇప్పటికీ బాధే. పాత పనులు తెలిసిన వడ్రంగిని పెట్టుకుని పైనుంచి కిందికి విప్పించండి: ముందు పెంకులు, తర్వాత వాసాలు, దూలాలు, చివరికి స్తంభాలు. విప్పకముందే ఫొటోలు తీసి ప్రతి ముక్కకూ నంబరు రాయండి. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురం తరలించింది కూడా ఇలా రాళ్ళకు నంబర్లు వేసి విప్పే.

కొంత అమ్మాల్సి వస్తే కొలిచి అమ్మండి. 10 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం, 12 అడుగుల పొడవున్న దూలం 5 ఘనపుటడుగులు. గుత్త బేరంలో ఈ లెక్క మీకు ఎవరూ చెప్పరు. లారీ ఎక్కించే ముందు పర్మిట్ సంగతి ఫారెస్టు రేంజి ఆఫీసులో అడగండి.

సుత్తితో తట్టి చూడండి, డొల్లగా మోగితే లోపల చెదలు తినేసినట్టే. స్తంభాల అడుగు చెమ్మకు కుళ్ళి ఉంటే అంతవరకు కోయించి, తగ్గిన ఎత్తుకు కింద రాతి పీట వేయిస్తే సరిపోతుంది. కోత మిల్లుకు పంపేముందు మేకులన్నీ తీయించండి, ఒక్కటి మిగిలినా రంపం బ్లేడు పోతుంది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకొద్దు, మంట పెట్టి కాల్చొద్దు, తడిపి గీకించండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

మరొకరి జవాబు:
బండల గురించి నేను చెప్తాను. సున్నంలో పరిచినవైతే తేలిగ్గా లేస్తాయి, గునపం ఒకే మూల పెట్టి ఎత్తితే మాత్రం అంచు పెచ్చులూడుతుంది, కాబట్టి చెక్క ముక్కలు దూరుస్తూ మెల్లగా ఎత్తించండి. కడప బండ సున్నపురాయి, యాసిడ్‌తో కడిగితే పై నునుపంతా పోతుంది, నీళ్ళు, బ్రష్షు చాలు. పడుకోబెట్టి పేర్చకండి, నిలువుగా ఆనించండి.

ప్రశ్న వేసినవారు:
చాలా థ్యాంక్స్ అండీ, గుత్త ఆయనకు వద్దని చెప్పేశాను. ద్వారం మీద 1921 అని చెక్కి ఉంది, పంపొచ్చా?

జవాబు:
పంపకూడదండీ. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కట్టడం నుంచి విడదీసిన వస్తువు కూడా పురావస్తువే, దాన్ని మనం విదేశాలకు పంపడం నిషేధం. అన్నయ్యకు ఇదే మాట చెప్పి, ద్వారం మీ కొత్త ఇంటికే పెట్టించండి. ద్వారబంధం కొలత ఇప్పుడే మేస్త్రీకి ఇవ్వండి, గోడ లేచాక ఇస్తే ద్వారాన్నే కోయాల్సి వస్తుంది.