మనసు నొప్పించకుండా పని బాగోలేదని ఎలా చెప్పాలి?

ఇల్లు శుభ్రం చేయడానికి ఈమధ్య ఒకావిడను పెట్టుకున్నాం. మనిషి చాలా మంచిది, వేళకు వస్తుంది, నమ్మకస్తురాలు. పనే సరిగ్గా ఉండటం లేదండి. ముందు నేల తుడిచేసి, తర్వాత ఫ్యాన్లూ అరలూ దులుపుతుంది. ఆ దుమ్మంతా మళ్ళీ తడి నేల మీదే పడుతుంది. మంచాల కిందికి, తలుపుల వెనక్కి చీపురే వెళ్ళదు. బాత్రూమ్ తుడిచిన గుడ్డే వంటగది గట్టు మీదికీ వస్తోంది. అన్నిటికంటే నాకు బాధ అదే.

ఇంకో భయం కూడా ఉంది. మరకలు పోవాలని పాలరాయి మీద యాసిడ్ పోస్తోంది. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేటే కదా, యాసిడ్ తగిలితే మెరుపు పోయి గరుకైపోతుంది. ఒకసారి అదే యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలపబోతుంటే ఆపాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ముందు ఊపిరాడనిది ఆవిడకే.

చెప్తే "సరేనమ్మా" అంటుంది, మర్నాడు మళ్ళీ మామూలే. మాన్పించాలని లేదు, ఆ జీతం మీదే ఆధారపడ్డ మనిషి. పక్కన నిలబడి చేయించాలా? ఏ రోజు ఏ గది అని పంచి ఇవ్వాలా? మీలో ఎవరైనా పనిమనిషిని చిన్నబుచ్చకుండా పనితీరు మార్చగలిగి ఉంటే, ఆ మాట ఎలా మొదలుపెట్టారో చెప్పండి.